శీతలయంత్ర నిర్మాత జేమ్స్ హారిసన్

వేసవి ప్రవేశింపగానే మన యిండ్లలో కొత్త మట్టికుండ అమరును. కుండ గోడలయందలి సన్నని రంధ్రములనుండి నీరు చెమర్చి, గాలి తగిలి ఆవిరియై పోవుచుండును. నీరు ఆవిరి యగుటకు వేడి కావలయును. ఆ వేడిని అది కుండనుండియు, కుండలోని నీటినుండియు లాగుకొనును. కనుకనే లోపలి నీరు చల్లబడును. పంపు, ఫ్యాను, విద్యుత్తు లేవియు లేకయే మన అవ్వలు తరతరములుగా ఈ పని చేయుచు వచ్చిరి.

దీనినుండి ఒక సత్యము తేలుచున్నది. చలి యనునది వేరుగా పుట్టెడి పదార్థము కాదు. ఒకచోటి వేడిని తీసి మరియొకచోట విడిచినయెడల, తీసిన చోట మిగులునదే చలి. ఈ చిన్న సత్యమును పట్టుకొని యంత్రమును నిర్మించి, దాని బలముతో మాంసమును మండుటెండల సముద్రముల మీదుగా సగము భూగోళము దాటింపవలెనని సంకల్పించిన పాత్రికేయుడొకడు పందొమ్మిదవ శతాబ్దమున ఉండెను. ఆయన పేరు జేమ్స్ హారిసన్. ఆయన జీవితమున గెలుపు కొంత, ఓటమి కొంత కలదు. విద్యార్థులు రెండింటిని తెలిసికొనదగును. ఓటమిని మరింత శ్రద్ధగా తెలిసికొనదగును.

హారిసన్ 1816వ సంవత్సరమున స్కాట్లాండు దేశమందలి బోన్‌హిల్ అను గ్రామమున జన్మించెను. తండ్రి చేపలు పట్టి జీవించువాడు. ఇంట కలిమి లేదు. బాలుడు గ్లాస్గో నగరమున ఒక అచ్చుకూటమున పని నేర్చుకొనుటకు చేరెను. ఆ నగరమున పనివారి కొరకు ఏర్పడిన విద్యాలయములు కొన్ని యుండెను. చేతిపని చేసికొని బ్రతుకువారికి శాస్త్ర విషయములను బోధించుట వాని ఉద్దేశము. హారిసన్ అచ్చుపని నేర్చుచునే అట్టి విద్యాలయములందు రసాయనశాస్త్రమును అభ్యసించెను. అచ్చుకూటమువానికి రసాయనశాస్త్ర మెందుకని ఆనాడు ఎవరైన అడిగియుండిన, దానికి సమాధానము చెప్పుట కష్టమే. ఆ సమాధానము పదునాలుగేండ్ల పిమ్మట వేరొక ఖండమున దొరికెను.

1837వ సంవత్సరమున, ఇరువదియొకటవ యేట, ఆయన ఓడనెక్కి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చేరెను. ఒక పుస్తక వ్యాపారసంస్థవారి అచ్చుయంత్రమును అచట నెలకొల్పుట ఆయనకు ఒప్పగింపబడిన పని. రెండేండ్లు గడచిన పిదప, 1839లో, మెల్‌బోర్న్ నగరమునకు తరలెను. అది అప్పటికి నగరము కాదు, పుట్టి నాలుగేండ్లయిన చిన్న ఊరు. అచట జాన్ పాస్కో ఫాక్నర్ అను నాతడు ఒక పత్రికను నడుపుచుండెను. హారిసన్ అందు అక్షరములు కూర్చువాడుగా ప్రవేశించి సంపాదకుడయ్యెను. 1840 నవంబరులో మెల్‌బోర్న్‌కు నైరృతి దిశనున్న జిలాంగ్ రేవుపట్టణమున ఆ ఊరి మొదటి పత్రికయగు జిలాంగ్ అడ్వర్టైజర్ వెలువడినది. దానిని నడిపిన ముఖ్యుడు హారిసన్. 1842 నాటికి ఆ పత్రిక ఆయన సొంతమయ్యెను.

ఆ కాలపు అచ్చుకూటమున సీసపు అక్షరములను వాడిన పిదప సిరా వదలునట్లు శుభ్రపరచవలసి యుండెను. దానికి హారిసన్ ఈథరు అను ద్రవమును వాడుచుండెను. ఈథరు మిక్కిలి తేలికగా ఆవిరి యగు ద్రవము. సుమారు 35 డిగ్రీల సెల్సియసు వేడికే అది మరగును. మన ప్రాంతపు మే నెల ఎండలో మూతలేని పాత్రయందు పోసిన, పొయ్యి లేకయే మరగిపోవునన్నమాట. ఈథరుతో తుడిచిన లోహపు అక్షరములు చేతికి మంచువలె చల్లగా తగులుట హారిసన్ గమనించెననియు, అదియే ఆయన యంత్రమునకు బీజమనియు చెప్పుదురు. ఎందరో పనివారి చేతులకు ఆ చల్లదనము తగిలియుండును. రసాయనశాస్త్రము చదివిన పనివాని చేతికి తగిలినప్పుడు మాత్రమే అది ప్రశ్నయైనది.

ఆనాటి లోకమున మంచు ఎట్లు దొరకుచుండెనో ఇచట కొంచెము చెప్పవలెను. ఉత్తర అమెరికాలో చలికాలమున చెరువులు గడ్డకట్టును. బోస్టన్ నగరవాసియగు ఫ్రెడెరిక్ ట్యూడర్ ఆ గడ్డలను రంపములతో కోయించి, రంపపుపొట్టు కప్పించి, ఓడలలో ఉష్ణదేశములకు పంపుచుండెను. 1833లో టస్కనీ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టన్ విడిచి నాలుగు నెలలకు కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలెను. మదరాసు సముద్రతీరమున ఆ మంచును నిలువచేయుటకు 1842లో కట్టిన గుండ్రని భవనము నేటికిని నిలిచియున్నది. వివేకానందస్వామి 1897లో అందు బస చేసిన కారణమున ఇపుడు దానికి వివేకానందుల పేరు వచ్చినను, ఐస్ హౌస్ అను పాత పేరును ఆ పేటవారు మరువలేదు. ఆస్ట్రేలియాకును అమెరికా మంచు ఓడలమీద వచ్చుచుండెను. ఇట్లు తెచ్చిన మంచు దారిలో సగము కరగినను వర్తకునకు నష్టము లేదు. మిగిలిన సగమును హెచ్చు వెలకు అమ్మును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

చెరువు గడ్డకట్టని దేశమున మంచును మనమే ఏల చేయరాదని హారిసన్ ఆలోచించెను. ఇట్టి ఆలోచన చేసినవారిలో ఆయన మొదటివాడు కాడు. జేకబ్ పెర్కిన్స్ అను నాతడు 1834లోనే ఈథరు వంటి ద్రవముతో నడచు శీతలయంత్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. కాని అది వ్యాపారమున నిలువలేదు. దానిని నిత్యము నడచెడి, మంచు నమ్మి డబ్బు తెచ్చెడి యంత్రముగా మార్చిన కీర్తి హారిసనుది. 1851లో జిలాంగ్ వద్ద బార్వన్ నది యొడ్డున రాకీ పాయింట్ అను చోట ఆయన మొదటి యంత్రము మంచు చేసెను. 1854లో వ్యాపారమునకు తగిన యంత్రము సిద్ధమాయెను. 1855లో పేటెంటు దొరికెను. పదునారడుగుల చక్రముతో తిరుగుచు ఆ యంత్రము రోజునకు సుమారు 3 టన్నుల మంచు నిచ్చుచుండెను.

యంత్రము పని చేయు తీరు కఠినమైనది కాదు. మూసిన గొట్టములలో ఈథరు ఆవిరియగుచు చుట్టునున్న ఉప్పునీటి వేడిని లాగుకొనును. ఆ చల్లని ఉప్పునీరు మంచి నీటి పాత్రలను ఆనుకొని ప్రవహింపగా మంచి నీరు గడ్డకట్టును. అంతవరకు ఇది కుండ చేయు పనియే. అయితే కుండలోనుండి పోయిన ఆవిరి గాలిలో కలిసి పోవును, తిరిగి రాదు. హారిసన్ యంత్రమున ఆవిరి పోదు. ఒక పంపు దానిని పీల్చి గట్టిగా అదుమును. అదుమగా అది వేడెక్కును. వేడెక్కిన ఆవిరిని నీటితో చల్లార్చు గొట్టములలోనికి పంపగా అది వేడిని ఆ నీటికి విడిచి మరల ద్రవమగును. ఆ ద్రవము తిరిగి మొదటి చోటికి వచ్చి మరల ఆవిరి యగును. ఇట్లు పోసిన ఈథరే మరల మరల తిరుగుచు, లోపలి వేడిని మూటకట్టి వెలుపల దింపి వచ్చు కూలివానివలె పనిచేయును. నేడు మన యిండ్లలోని ఫ్రిజ్‌లును, ఆసుపత్రులలో మందులు దాచు పెట్టెలును, చేపల రేవులందలి ఐసు కర్మాగారములును ఈ సూత్రముననే నడచుచున్నవి. ద్రవములు మారినవి, సూత్రము మారలేదు.

హారిసన్ లండన్ వెళ్లి 1856లో తన పద్ధతికిని, 1857లో తన యంత్రమునకును పేటెంట్లు పొందెను. లండన్‌లో సీబ్ అను యంత్రనిర్మాతలు ఆయన పద్ధతిని బట్టి యంత్రములు చేయసాగిరి. బీరు కాచువారు కొందరు వేసవిలో తమ పని ఆగకుండుటకు వానిని తీసికొనిరి. కాని కీర్తి వచ్చినంత త్వరగా ధనము రాలేదు. యంత్రములకు పెట్టిన వ్యయము ఆయనను అప్పులలో ముంచెను. 1862లో, ఇరువదిరెండేండ్లు తాను నడిపిన జిలాంగ్ అడ్వర్టైజర్‌ను విడిచివేయవలసి వచ్చెను. ఇన్ని చిక్కులలోను ఆయన ప్రజాసేవను మానలేదు. 1850లో జిలాంగ్ మొదటి పురపాలక సంఘమున సభ్యుడుగాను, 1854కును 1860కిని మధ్య విక్టోరియా శాసనసభలలో జిలాంగ్ ప్రతినిధిగాను పనిచేసెను. 1867లో మెల్‌బోర్న్‌లోని ఏజ్ పత్రికకు సంపాదకుడయ్యెను. కలము ఆయనకు అన్నము పెట్టుచుండగా యంత్రము ఆయన నిద్రను హరించుచుండెను.

ఇపుడు ఆయన జీవితమందలి ప్రధాన ఘట్టమునకు వత్తము. ఆస్ట్రేలియాలో గొర్రెలు లెక్కలేనన్ని, తినువారు కొద్దిమంది. ఉన్ని తీసిన పిదప మాంసమున కొనువారు లేక, కొవ్వు కొరకు గొర్రెలను కాగులలో ఉడికించి మిగిలినది పారవేయు రోజులును కలవు. ఇంగ్లండులోని పారిశ్రామిక నగరములలో జనము కిక్కిరిసి యుండెను, మాంసము ప్రియము. ఒకచోట వ్యర్థమగు ఆహారము, మరియొకచోట కొనలేని ఆకలి. మధ్య ఇరువదివేల కిలోమీటర్లకు దగ్గరగా సముద్రము. తెరచాప ఓడకు ఆ ప్రయాణము సుమారు మూడు నెలలు. ఏ దారిన పోయినను భూమధ్యరేఖను దాటక తప్పదు.

మాంసము గడ్డకట్టించిన యెడల చెడదని హారిసన్ ఎరుగును. 1873లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రదర్శనమున ఆయన దానిని ప్రజలయెదుట రుజువు చేసెను. నెలల తరబడి గడ్డకట్టించి యుంచిన మాంసము తినుటకు యోగ్యముగానే ఉన్నదని తేలెను. ఆయనకు బంగారు పతకము లభించెను. ప్రజలకు నమ్మకము కలిగి డబ్బు కూడెను. ఆ సంవత్సరము జూలైలో సుమారు 20 టన్నుల గొర్రె మాంసము, గొడ్డు మాంసము నార్‌ఫోక్ అను తెరచాప ఓడలో లండన్‌కు బయలుదేరెను.

అయితే ఓడలో యంత్రము లేదు! ప్రపంచమున శీతలయంత్రమును మొదట వ్యాపారమునకు నడిపించిన మనుజుడు ఆ ప్రయాణమునకు తన యంత్రమును ఓడలో నెక్కించలేదు. మాంసమును ఒడ్డుననే గడ్డకట్టించి, మంచును ఉప్పును కలిపినపుడు పుట్టు అతిశీతలము దానిని దారిపొడుగున కాపాడునని నమ్మెను. అది తెరచాప ఓడ. పంపును త్రిప్పుటకు ఆవిరి యంత్రము లేదు. ఈథరు చూడగానే అంటుకొను ద్రవము. కొయ్య ఓడలో దానిని నడుపుట భయహేతువు. ఈ చిక్కులు నిజమైనవే. కాని సముద్రము చిక్కులను చూచి జాలిపడదు.

గదికి ఎంత మందము గోడ కట్టినను వేడి కొంచెము కొంచెముగా లోనికి చొచ్చుచునే యుండును. ఎంత చొచ్చునో లెక్కకట్టవచ్చును. లోపలి చలి సున్నకు దిగువన 10 డిగ్రీలు అనుకొందము. దక్షిణ సముద్రమున వెలుపలి గాలి 10 డిగ్రీలు ఉన్నచో భేదము 20 డిగ్రీలు. ఓడ ఉష్ణమండలము చేరి వెలుపలి గాలి 30 డిగ్రీలైనచో భేదము 40 డిగ్రీలు. భేదము రెట్టింపైన చొచ్చు వేడియు రెట్టింపగును. గాలి పడిపోయి ఓడ కదలక నిలిచిన దినములు కలిసిన, ఆ రెట్టింపు వేడిని రోజుల తరబడి భరింపవలెను. మంచుకు గొప్ప శక్తి కలదు. ఒక కిలో మంచు కరగునపుడు తీసికొను వేడి అంతే నీటిని సున్న నుండి 80 డిగ్రీల వరకు కాచుటకు సరిపోవును. అయినను అది మూటలోని చద్దివంటిది. తిన్నకొలది తరగును. దారిలో వండుకొనుటకు పొయ్యి లేదు.

నార్‌ఫోక్‌లో జరిగిన దదియే. మంచు అనుకొన్నదానికంటె త్వరగా ఖర్చయ్యెను. శీతలపు ఏర్పాటు చెడెను. మాంసము పనికిరాకుండ పోయెను. ట్యూడర్ మంచు సగము కరగిన, మిగిలిన సగము సరకే. మాంసము అట్లు కాదు. ఒక్కమారు కరగి చెడినచో తరువాత ఎంత చల్లార్చినను తిరిగి మంచిది కాదు. ఉష్ణమండలమున నాలుగు దినములు తప్పిన యెడల, అంతకుముందు కాపాడిన నలువది దినములును వ్యర్థమే.

ఆ వైఫల్యముతో హారిసన్ ఆశలు కూలిపోయెను. ఆయన సొంత ధనము పోయెను. దానికంటె గొప్ప నష్టము, ప్రజల నమ్మకము పోయెను. గడ్డకట్టించిన మాంసమను మాట నవ్వులపాలయ్యెను. అప్పటికి ఆయనకు ఏబదియేడేండ్లు. మరల మొదలుపెట్టుటకు ధనము లేదు. ఆయన తిరిగి కలము పట్టి, ఇంగ్లండులో నివసించుచు శాస్త్ర విషయములపై పత్రికలకు వ్యాసములు వ్రాసి జీవించెను.

అయితే ఆయన అడిగిన ప్రశ్న ఆయనతో కూలిపోలేదు. ఫ్రాన్సు దేశమున షార్ల్ టెలియే అను నాతడు యంత్రమును ఓడలోనే అమర్చి, 1876 సెప్టెంబరులో ఫ్రిగోరిఫిక్ అను ఓడను రువాన్ రేవునుండి పంపెను. అది ఉష్ణమండలమును దాటి డిసెంబరు 25న దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఐరీస్ చేరెను. లోపలి మాంసము కొంత తినయోగ్యముగా మిగిలెను. సిడ్నీలో థామస్ మోర్ట్ అను వర్తకుడు అపార ధనము వెచ్చించి 1876లో నార్తమ్ అను ఓడలో యంత్రము అమర్చెను. గొట్టములు చెడుటచే మాంసమును ప్రయాణమునకు ముందే దింపవలసి వచ్చెను. మోర్ట్ తన కోరిక తీరకయే 1878లో మరణించెను.

తుదకు 1879 డిసెంబరులో స్ట్రాత్‌లెవెన్ అను ఆవిరి ఓడ ఆస్ట్రేలియాను విడిచి, సుమారు 40 టన్నుల మాంసముతో 1880 ఫిబ్రవరి ఆరంభమున లండన్ చేరెను. మాంసము బాగుండెను. ఆ ఓడలోని యంత్రమును రూపొందించినవారు బెల్, కోల్‌మన్ అనువారు. హారిసన్ అచ్చుపనియు రసాయనశాస్త్రమును నేర్చిన గ్లాస్గో నగరమువారే. వారి యంత్రమున ఈథరు లేదు. గాలినే అదిమి, వేడెక్కిన ఆ గాలిని సముద్రపు నీటితో చల్లార్చి, పిదప ఒక్కసారిగా వ్యాపింపజేయగా అది అతిశీతలమగును. అంటుకొను ద్రవము లేకుండుటచే ఓడకు భయము తగ్గెను.

1882లో జరిగిన మరియొక ప్రయాణము విద్యార్థులు తప్పక తెలిసికొనవలసినది. న్యూజీలాండునుండి డ్యునెడిన్ అను తెరచాప ఓడ దాదాపు 5,000 గొర్రెల మాంసముతో ఫిబ్రవరి 15న బయలుదేరెను. తెరచాప ఓడయే అయినను యంత్రమును నడుపుటకు మాత్రము దానిలో ఆవిరి యంత్రమును, బొగ్గును అమర్చిరి. పొగగొట్టమునుండి ఎగసిన నిప్పురవ్వలు తెరచాపల నంటుకొనుచుండగా నావికులు కాపలా కాయవలసి వచ్చెను. ఉష్ణమండలము చేరునప్పటికి మరియొక చిక్కు వచ్చెను. యంత్రము నడచుచున్నను చల్లని గాలి సరకు గది అంతట సరిగా తిరుగుటలేదు. ఓడ అధిపతియగు వైట్సన్ స్వయముగా ఆ గాలిదారిలోనికి పాకిపోయి, గాలి తిరుగుటకు కొత్త రంధ్రములు కోసెను. ఆ చలిలో ఆయన స్పృహతప్పి ప్రాణాపాయమున పడగా, ఒక నావికుడు వెనుక పాకి వెళ్లి కాళ్లకు త్రాడు కట్టి బయటికి లాగించెను. వెలుపల మండుటెండ, లోపల చలికి చచ్చు మనుజుడు. ఓడ 98 దినములకు మే 24న లండన్ చేరెను. అన్ని గొర్రెలలో పనికిరానిదని త్రోసివేయబడినది ఒక్కటియే.

హారిసన్ లండన్‌లో ఉండగానే ఈ ఓడలు వచ్చెను. నార్‌ఫోక్ మోయలేకపోయిన భారమును యంత్రముగల ఓడలు మోసెను. విజయము ఇతరులది, బాట చూపినవాడు హారిసన్. 1892లో ఆయన తన ఊరగు జిలాంగ్‌నకు తిరిగివచ్చి, 1893 సెప్టెంబరు 3వ తేదీన పాయింట్ హెన్రీ వద్దనున్న గృహమున మరణించెను. మొదటి మంచు పుట్టిన బార్వన్ నదిపై నేడు ఆయన పేరిట వంతెన కలదు. ఆస్ట్రేలియాలోని శీతలీకరణ వృత్తివారు తమలో ప్రతిభావంతునకు ఆయన పేరిట పతకము నిచ్చుచున్నారు.

ఆయన తరువాతి కథ నేటికిని నడచుచున్నది. నేడు సరకు గది కాదు, ఒక్కొక్క ఇనుప పెట్టెయే తన యంత్రమును తాను మోయుచు ప్రయాణము చేయుచున్నది. దానిని శీతల కంటెయినరు అందురు. విశాఖపట్నము రేవునుండి గడ్డకట్టించిన రొయ్యలు ఇట్టి పెట్టెలలో సున్నకు దిగువన 18 డిగ్రీలు లేక అంతకంటె తక్కువ వేడిమిలో అమెరికా మున్నగు దేశములకు పోవుచున్నవి. మన తీరమున చెరువు గట్లపై శ్రమించు ఎన్నో కుటుంబముల సంపాదన ఆ పెట్టెల చలిపై ఆధారపడియున్నది.

ఉష్ణసముద్రమున ఈ పెట్టెలను నడుపుట నేటికిని సులభము కాదు. వేసవిలో ఎర్రసముద్రము, పర్షియా సింధుశాఖ వంటి చోట్ల గాలి 40 డిగ్రీలు దాటును. అపుడు పెట్టెకు రెండు కష్టములు కూడును. చొచ్చు వేడి హెచ్చును. ఆ వేడిని వెలుపలికి దింపుటయు కష్టమగును. వెలుపలి గాలియే కాగుచున్నపుడు యంత్రము ఆవిరిని మరింత గట్టిగా అదుమవలెను. పని హెచ్చును, ఫలము తగ్గును. ఓడ గర్భమున వందలకొలది పెట్టెలు ప్రక్కప్రక్కన నిలిచి తమ వేడిని విడిచినచో అచటి గాలి ఇంకను కాగును. కనుక ఆ వేడిగాలిని బయటికి నెట్టు ఫ్యానులు ఎడతెగక తిరుగవలెను. ఉప్పుగాలికి వేడిని విడుచు గొట్టములపై పొర కట్టును. దానిని మంచి నీటితో కడుగవలెను. నావికులు ప్రతి పెట్టె వేడిమిని దినదినము చూచి వ్రాయవలెను.

సరకు నింపువారికిని నియమములు కలవు. పెట్టె యంత్రము లోపలి చలిని నిలుపుటకే కాని, వేడి సరకును చల్లార్చుటకు ఏర్పడినది కాదు. కనుక సరకును ఒడ్డుననే తగినంత గడ్డకట్టించి నింపవలెను. పెట్టె గోడపై గీచిన ఎర్రగీతకు పైన నింపరాదు. నింపినచో గాలి తిరుగు దారి మూసికొనిపోవును. ఇది వైట్సన్ ప్రాణమొడ్డి నేర్చిన పాఠమే. పెట్టెను ఓడనుండి దింపి బండి కెక్కించు నడుమ విద్యుత్తు లేని కాలమును వీలైనంత తగ్గించవలెను. ఇది హారిసన్ ధనమొడ్డి నేర్చిన పాఠము.

విద్యార్థులారా! ఈ చరిత్రను చదివి హారిసన్‌ను వట్టి భాగ్యహీనుడని తలంపరాదు. దోషములేని వాడనియు తలంపరాదు. ఆయన ఎరుగని విద్య వలన ఓడలేదు. తాను ఎరిగిన విద్యను, తాను నిర్మించిన యంత్రమును ఒడ్డున విడిచి, కూడబెట్టిన మంచును నమ్ముకొనుటచే ఓడెను. కూడబెట్టినది ఎంతయైనను దారిలో తరగును. దారి పొడుగున దినదినము పుట్టించుకొనగలది మాత్రమే ఆవలి యొడ్డు చేర్చును. పరీక్షకు ముందు ఒక నెలలో కూడబెట్టిన చదువు సెలవులు ముగియునప్పటికి ఏమగునో మీకును, మీ తల్లిదండ్రులకును తెలియనిది కాదు. విద్యను మూటగా కాక యంత్రముగా వెంట తీసికొనిపొండు. దానిని ఏనాడును ఆపకుడు.